మెట్టెక్కక ముందే తొక్కిసలాటా?

భవాని పేట్ (సోలాపూర్): కార్ఖానాకు నాలుగు రోజులు సెలవు దొరికితే భవాని పేట్ పద్మశాలీలకు ముందు గుర్తొచ్చేది తిరుపతి కొండే. మొక్కున్నవాళ్లు అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచే ఎక్కుతారు. ఆ నడకకూ ఇప్పుడు టోకెన్లు, వేళలు వచ్చాయి. 'దేవుడి దగ్గరికి పోవడానికీ పర్మిటేనా?' అని విసుక్కునే పెద్దలున్నారు.

విసుగు సరే, అవసరమూ ఉంది. 2023 ఆగస్టులో ఆ దారిలోనే చిరుత ఆరేళ్ల పాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 15 ఏళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 దాటితే మెట్లెక్కనివ్వలేదు. పొరుగున కర్ణాటకలో, 2024 జనవరి సెలవులకు కుమార పర్వతంపైకి వేల మంది ఎగబడ్డారు. దాంతో ట్రెక్కింగ్ ఆపేశారు. అదే ఏడాది అక్టోబరులో ఆన్‌లైన్ బుకింగ్ పెట్టి, ఒక్కో దారిలో రోజుకు 300 మందికే అనుమతన్నారు. అడవి దారికి ఆ మాత్రం కట్టడి ఉండాల్సిందే.

చిక్కంతా పర్మిట్ ఇచ్చే తీరులోనే ఉంది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జనం ఎగబడితే తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. అవి నడకదారి టోకెన్లు కావు. అయినా పాఠం ఒక్కటే. పైన రద్దీ తగ్గించబోయి కింద కౌంటర్ దగ్గర పెంచితే ఏం లాభం?

నడకదారి భక్తులకు 2023 ఏప్రిల్‌లో అలిపిరిలో రోజుకు 10 వేలు, శ్రీవారి మెట్టులో 5 వేల టోకెన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ముందొచ్చినవాళ్లకే ముందు. రాత్రంతా రైల్లో కూర్చుని సోలాపూర్ నుంచి వచ్చినవాడు దిగేసరికి 'అయిపోయాయి' అంటే? టోకెన్ లేకున్నా నడవొచ్చు. కానీ పైన మళ్లీ గంటల తరబడి కాయాలి. ఇక్కడ మగ్గం ఆగితే కూలి లేదాయె!

అందుకే నడక టోకెన్లలో కొంత వాటాకు ముందే లక్కీ డిప్ తీయాలి. బయల్దేరక ముందే ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో ఊళ్లోనే తేలిపోవాలి. అయితే బీడీలు చుట్టే అవ్వకు ఓటీపీ సంగతేం తెలుసు? ఆమె లాంటివాళ్ల పేర్లు పోస్టాఫీసుల్లోనూ రాసుకోవాలి, సరిహద్దు దాటిన ఊళ్లలో సైతం. పేటలో చదువుకున్న పిల్లలు కూడా పక్కింటి అవ్వకు ఫారం నింపి పెట్టాలి.

మెట్లెక్కి మోకాళ్లు పట్టేస్తే దేవుడి మీద భారం వేయొచ్చు. కౌంటర్ దగ్గర నలిగిపోతే ఆ భారం ఎవరి మీద వేయాలి?