పలకని నిర్వచనాలు

2025 ఏప్రిల్ 20న వెలువడిన మెగా డీఎస్సీ ప్రకటనలో 16,347 పోస్టులున్నాయి. ఎస్జీటీలు 6,371, స్కూల్ అసిస్టెంట్లు 7,725, మిగిలినవి టీజీటీ, పీజీటీ, ప్రిన్సిపాల్, పీఈటీ పోస్టులు. అన్ని జిల్లాలకంటే ఎక్కువ ఉమ్మడి కర్నూలుకే వచ్చాయి. ఏళ్ల తరబడి కాచుకున్న ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలతో పాటు మేమూ సంతోషించాం. అయితే ఆ పట్టికను ఎన్నిసార్లు చదివినా సంగీతం టీచరు కనబడడు. 2018 డీఎస్సీలో సంగీతానికంటూ ఒక వరుస ఉండేది, ఈసారి అదీ లేదు. ఇదొక నష్టమని లెక్కపెట్టినవాళ్లు కూడా తక్కువే.

పోస్టు లేకపోవడం ఒక అన్యాయం. ఎప్పటికైనా పోస్టు పడుతుందని ఆశపడేవాళ్లను మనం తయారుచేస్తున్న తీరు మరో అన్యాయం. ఈ రెండో దాని గురించే గట్టిగా మాట్లాడదలిచాం.

సంగీతం టీచరు కావాలనుకునే పిల్ల ముందు మనం పెడుతున్నది పారిభాషిక పదాల చిట్టా. శ్రుతులెన్ని? 22. మేళకర్తలెన్ని? 72. ఏడు తాళాలకు ఐదు జాతులు కలిస్తే? 35. అన్నిటికీ మార్కులు పడతాయి. అదే పిల్లను పద్యనాటకం రిహార్సలుకు తీసుకెళ్తే హార్మోనిస్టు మొదట అడిగేది, ‘ఎంత శ్రుతమ్మా?’ అని. ఒకటిన్నరా, నాలుగా, ఐదా? హార్మోనియం తెల్లమెట్లు ఒకటి, రెండు అని, నడుమ నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర అని లెక్క. ఇరవైరెండు శ్రుతులూ ఒప్పజెప్పిన పిల్లకు తన గొంతు ఏ మెట్టు మీద నిలుస్తుందో తెలియదు. తప్పు ఆమెది కాదు. శ్రుతి పెట్టె ముందు కూర్చోబెట్టకుండా శ్రుతికి నిర్వచనం రాయించినవాళ్లది.

మన పడమటి తాలూకాల్లో ఈ లోపం ఇంకా ప్రమాదకరం. 1953 అక్టోబర్ 1 దాకా ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలోవి. తెలుగు నాటకానికి పాటలూ పద్యాలూ అలవాటు చేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్లారి రాఘవ మసిలిన ఊరు బళ్లారి. ఆ దారిన హిందుస్తానీ బాణీ మన రంగస్థలం మీదికి వచ్చి స్థిరపడింది. అందుకే ఒకే పేరు ఇక్కడ రెండు రాగాలను పిలుస్తుంది. కర్ణాటక విద్వాంసుడు తోడి అంటే హనుమతోడి. హిందుస్తానీ గాయకుడు తోడి అంటే మన శుభపంతువరాళి స్వరాలు. మన హనుమతోడి స్వరాలు వాళ్లకు భైరవి ఠాట్, మాయామాళవగౌళ స్వరాలు భైరవ్ ఠాట్. బిట్ పేపర్లో తోడికి ఒకే జవాబు ఉంటుంది. మన ఊరి వేదిక మీద రెండున్నాయి. వాటిని వేరుచేసి చెప్పగలిగింది చెవి ఒక్కటే.

ఈ పదాలు మనకు పరాయివి కావు. ఆదోని కోట విజయనగర రాజ్యంలో ఉన్న రోజుల్లోనే, 1550లో, అళియ రామరాయల కోరిక మీద రామామాత్యుడు స్వరమేళకళానిధి రాసి మేళాలను క్రమంలో పెట్టాడు. ఈనాటికీ పిల్లలు మాయామాళవగౌళలో సరళీ వరుసలతో మొదలుపెడుతున్నారంటే ఆ పాఠక్రమం పురందరదాసు పెట్టిందే అంటారు. ఆయన అడుగుజాడల్లో నడిచిన విజయదాసు 1755లో కన్నుమూసింది మన చిప్పగిరిలో. పాఠ్యపుస్తకం ‘సూళాది సప్త తాళాలు’ అని ఒక వాక్యంలో తేల్చేసిన ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళాలకు ఆ పేరు సూళాదుల వల్లే వచ్చింది. ఒక్కో ఖండం ఒక్కో తాళంలో సాగే ఆ రచనలను విజయదాసు ఎన్నో చేశాడు. కాబోయే టీచర్లను కార్తీక శుద్ధ దశమి ఆరాధనకు చిప్పగిరి తీసుకెళ్లి సూళాది పాడించి, లఘువుకూ ద్రుతానికీ చేతితో లెక్క వేయిస్తే, ఆ తాళాల పట్టిక వాళ్లు జన్మలో మరిచిపోరు.

శాస్త్రం వద్దని మేమనడం లేదు. 1904లో ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితులు తెలుగులో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిని మించిన శాస్త్రమేముంది? కంపితం, స్ఫురితం, నొక్కు, జారు అని గమకాలకు పేర్లు పెట్టి, గుర్తులు చూపి, వీణ మీద వేలు ఎలా కదలాలో కూడా ఆయన చెప్పాడు. చేయి కదలకుండా పేరు చెప్పి ఊరుకోలేదు. ఆయన వారసులమని చెప్పుకునే మనం గమకానికి రెండు మార్కుల జవాబు తయారుచేసి పంచుతున్నాం. ఇది విద్య కాదు, మోసం. పడుగు, పేక అనే మాటలు అప్పజెప్పినవాణ్ణి ఎమ్మిగనూరులో ఎవరూ మగ్గం మాస్టరని ఒప్పుకోరు. పాట దగ్గర మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నాం?

రాష్ట్రమంతటికీ ఒకే కొలత ఉండాలంటే రాతపరీక్షే న్యాయమని కొందరంటారు. గొంతును వినకుండా సంగీతాన్ని కొలిచేది న్యాయమైన కొలత ఎలా అవుతుంది?

2020 జాతీయ విద్యా విధానం కళలను చదువుకు బయట నిలబెట్టొద్దని చెప్పింది. 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనల్లో ప్రదర్శన కళలు బోధించేవారికి డిప్లొమా కూడా ఉంది. కాగితం మీద కొరత లేదు, కొరతంతా నేర్చుకునే చోటు దగ్గరే. కర్నూలు శారదా సంగీత కళాశాల ఆదోనికి దాదాపు 100 కిలోమీటర్లు. పొలం పనికో కూలికో వెళ్లే ఇంటి పిల్ల రోజూ ఆ దూరం పోయి రాలేదు.

అందుకే మా డిమాండ్లు. రాబోయే డీఎస్సీలో సంగీతం పోస్టులు పెట్టాలి. ఎంపికలో సగం మార్కులు పాడి, తాళం వేసి, విన్న రాగాన్ని గుర్తుపట్టి తెచ్చుకునేవిగా ఉండాలి. శారదా కళాశాల తరగతులు ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ నడపాలి. ఆ తరగతులకు పద్యనాటక హార్మోనిస్టులనూ దాస కీర్తనల భజనబృందాల పెద్దలనూ సర్టిఫికెట్ అడగకుండా, గౌరవవేతనమిచ్చి పిలవాలి. వాళ్లు వయసు మళ్లినవాళ్లు. ఫైలు కదిలే వేగానికి వాళ్ల ఆయుష్షు ఆగదు కాబట్టి, ఈ పని వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుకావాలి.