ఇంట్లో తెలుగు మాననివ్వకండి

పేరెంట్స్ మీటింగుకి వచ్చినప్పుడు కొందరు, "ఇంట్లో కూడా ఇంగ్లీషే మేడమ్, ‘ఏటి’ అంటే ఊరుకోవట్లేదు" అంటుంటారు. నేను చెప్పే సబ్జెక్టు ఇంగ్లీషే. అయినా ఈ మాట నాకు నచ్చదు.

పొద్దున్నే టీ తాగుతూ మనం చదివే పేపరులోని తెలుగు ఊరికే రాలేదు. మన భాషకి అచ్చు నేర్పింది బయటివాళ్లే. పలాసలో ఎక్కి హౌరాలో దిగితే దగ్గర్లోనే సీరాంపూర్. విశాఖపట్నంలో తెలుగు చేసిన సువార్తలు 1812లో అక్కడే అచ్చయ్యాయి. 1818లో బెంగాలీ వారపత్రిక సమాచార్ దర్పణ్ కూడా ఆ ఊరి నుంచే వచ్చింది. తెలుగులో 1835లో బళ్లారి నుంచి సత్యదూత, 1874లో కందుకూరి వీరేశలింగం గారి వివేకవర్ధని వచ్చాయి. పత్రికలైతే వచ్చాయి గానీ, చాలాకాలం వాటి భాష గ్రాంథికమే. ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగు. బడి పుస్తకాలూ అంతే.

దాన్ని మార్చాలని పట్టుబట్టింది మన జిల్లా టీచరే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, మనకి దగ్గరే ఉన్న పర్లాకిమిడిలో 1880లో పంతులుగా చేరారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ముందు తానే సవర నేర్చుకుని, పుస్తకాలు తయారుచేశారు. పుస్తకాల తెలుగుకీ మనుషులు మాట్లాడే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగింది మాత్రం స్కూళ్ల ఇనస్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే దొర. (మనకి తట్టని ప్రశ్న ఆయనకి తట్టింది!) గిడుగు వారు దాన్ని వదల్లేదు. పండితులతో ఏళ్ల తరబడి వాదించి, 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టారు. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావు గారు జనవాణిలో సంపాదకీయాలే వాడుక భాషలో రాశారు.

అయితే గిడుగు వారు అడిగింది చదువుకున్నవాళ్లు మాట్లాడే తెలుగు. మన పల్లెల మాటని కాళీపట్నం రామారావు మాస్టారి లాంటివాళ్లు కథల్లోకి తెచ్చారు. మనం మాత్రం దాన్ని పిల్లల నోట్లోనే ఆపేస్తున్నాం.

క్లాసులో నేను చూసేది చెబుతాను. జరిగిన సంగతిని తెలుగులో వరసగా చెప్పగలిగిన పిల్లలే ఇంగ్లీషు కాంపోజిషన్ కూడా తొందరగా అందుకుంటున్నారు. మిగతావాళ్లకి పదాలొస్తాయి, చెప్పడానికి సంగతి ఉండదు.

రోజూ ఒక పావుగంట తెలుగు పేపరు పైకి చదివించండి. దసరా సెలవుల్లో శ్రీకాకుళం వెళ్తే, మాస్టారు 1997లో పెట్టిన కథానిలయానికి తీసుకెళ్లండి. పాత పత్రికలు అక్కడ చూపించవచ్చు.