ముందు మానాల్సింది ఖజానా

1954 నవంబరులో, కర్నూలు రాజధానిగా కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. గొడవంతా మద్యనిషేధం గురించే. మద్రాసు రాష్ట్రం నుంచి వారసత్వంగా వచ్చిన నిషేధం ఫలితమివ్వడం లేదనీ, ఎత్తివేయడమే మేలనీ రామమూర్తి కమిటీ నివేదిక ఇచ్చింది. ప్రకాశం ససేమిరా అన్నారు. నిషేధంతో జీవనోపాధి పోయి కేసుల పాలైన కల్లుగీత కుటుంబాల తరఫున గౌతు లచ్చన్న నిలబడ్డారు. సభలో బలం చాలలేదు, ప్రభుత్వం పోయింది. సరిగ్గా నలభై ఏళ్లకు, 1994 డిసెంబరులో, అదే నిషేధం హామీతో ఎన్.టి. రామారావు బ్రహ్మాండమైన మెజారిటీతో గద్దెనెక్కారు.

తెలుగునాట మద్యం ప్రశ్నకు ప్రభుత్వాలను దించే సత్తా, ఎక్కించే సత్తా రెండూ ఉన్నాయని అప్పుడే రుజువైంది. అయినా ఈనాడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడ్జెట్ మద్యం అమ్మకాల మీద ఆనుకునే నిలబడుతోంది. అందుకే ఈ పత్రిక తన వైఖరిని సూటిగా చెప్పదలచుకుంది. మద్యం రాబడిని ఏటా ఎంత చొప్పున తగ్గిస్తారో, ఆ లోటును దేనితో పూడుస్తారో లెక్క రాసి చూపించని ఏ పార్టీకీ మద్యనిషేధం పేరుతో ఓటు అడిగే హక్కు లేదు. తాగేవాడి చేత మాన్పించే ముందు ప్రభుత్వం తాను మానాలి.

నిషేధానికీ ఖజానాకూ ఉన్న ముడి అమెరికా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. మద్యం తయారీనీ అమ్మకాన్నీ ఎదిరించడానికే పుట్టిన పార్టీ ఒకటి అక్కడ ఉంది. 1869లో షికాగోలో ఏర్పడిన ప్రొహిబిషన్ పార్టీ ఇప్పటికీ అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థిని నిలబెడుతూనే ఉంది. అక్కడి మహిళలకు దేశమంతటా ఓటుహక్కు రావడానికి యాభై ఏళ్ల ముందే వాళ్లను తన మహాసభల్లో ప్రతినిధులుగా కూర్చోబెట్టిన పార్టీ అది. ఓట్ల లెక్కలో మాత్రం ఎప్పుడూ చిన్నదే. 1892లో జాన్ బిడ్వెల్‌కు పడిన 2.7 లక్షల ఓట్లను, అంటే రెండు శాతం పైచిలుకును, ఆ తర్వాత అది ఎన్నడూ దాటలేదు. 1884లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆ పార్టీ అభ్యర్థి జాన్ సెయింట్ జాన్‌కు దాదాపు పాతిక వేల ఓట్లు వచ్చాయి. గ్రోవర్ క్లీవ్‌లాండ్ ఆ రాష్ట్రాన్నీ, దానితో అధ్యక్ష పదవినీ గెలుచుకున్నది వెయ్యి పైచిలుకు ఓట్ల తేడాతో. చిన్న పార్టీ అయినా పెద్ద పార్టీలు దాని వంక భయంగా చూడక తప్పలేదు.

యాభై ఏళ్లు గొంతు చించుకున్నా రాని నిషేధం 1920లో ఎలా అమల్లోకి వచ్చింది? మద్యం దుకాణాల మీద పోరాడిన యాంటీ సెలూన్ లీగ్ రెండు పెద్ద పార్టీల మెడలూ వంచింది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. ఇవి అందరూ చెప్పేవే. అంతగా చెప్పుకోని కారణం మరొకటి ఉంది. ఆదాయపు పన్ను రాకముందు అమెరికా కేంద్ర ప్రభుత్వ రాబడిలో మూడో వంతు దాకా మద్యం సుంకాలే ఉండేవి. 1913లో రాజ్యాంగాన్ని సవరించి ఆదాయపు పన్ను తెచ్చారు. ఖజానాకు వేరే దారి దొరికాకే మద్యం దారి మూయడం వీలైంది. 1929 తర్వాతి మాంద్యంలో ఆదాయపు పన్ను వసూళ్లు కుప్పకూలాయి. అప్పటికే దొంగసారా ముఠాల ఆగడాలతో విసిగిపోయిన దేశం 1933 డిసెంబరులో నిషేధాన్ని రద్దు చేసింది. నిషేధం రావడంలోనూ పోవడంలోనూ నీతితోపాటు రాబడి లెక్కా పనిచేసింది.

ఆ లెక్క మనవాళ్లకూ తెలుసు. 1937 అక్టోబరు 1న మద్రాసులోని రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన అబ్కారీ రాబడికి బదులుగా 1939లో అమ్మకం పన్ను తెచ్చింది. ముందు దేశమంతా తిట్టుకున్న ఆ పన్నునే తర్వాత ఒక్కో రాష్ట్రం తెచ్చుకుంది. వ్యాట్‌గా మారి, చివరికి జీఎస్టీలో కలిసింది. కోస్తా, సీమ జిల్లాల్లో నిషేధం మాత్రం 1960ల చివరికల్లా సడలిపోయింది. మద్యం రాబడికి బదులుగా పుట్టిన పన్ను అలాగే ఉండిపోయింది, వదులుకున్న మద్యం రాబడీ తిరిగి వచ్చి చేరింది. ప్రజలు ఇప్పుడు రెండూ కడుతున్నారు. ఇంత పెద్ద మాట తప్పడం గురించి ఏ ప్రభుత్వమూ ఏనాడూ సంజాయిషీ చెప్పుకోలేదు.

తెలుగు ఆడవాళ్లు ఈ పోరాటాన్ని ఏ పార్టీ చేతిలోనూ పెట్టకుండా తామే నడిపిన రోజులను ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరిట రాత్రిబడులు నడుస్తున్న కాలం. పగలంతా పొలాల్లో కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు దీపాల దగ్గర కూర్చుని వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుబోతు మొగుడి మూలంగా నాశనమైన ఇంటి కథ అది. చదువుతున్నది తమ బతుకే. 1992లో దూబగుంటలో ఆడవాళ్లంతా ఒక్కటై సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఊరూరా ఆడవాళ్లు చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని సారా బండ్లను ఊళ్లోకి రానివ్వలేదు. సారా వేలంపాటలు జరిగే చోట బైఠాయించి పాటలే సాగనివ్వలేదు. వాయిదాల మీద వాయిదాలు వేసి ప్రభుత్వం చివరికి తలవంచింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

1980ల్లో వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి వాడవాడకూ చేర్చింది తెలుగుదేశం ప్రభుత్వమే. ఆ పార్టీయే ఆడవాళ్ల ఉద్యమాన్ని నెత్తిన పెట్టుకుని 1994లో ఊరేగింది. డిసెంబరు 12న లాల్‌బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేసిన వేదిక మీదే ఎన్టీఆర్ మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. ఆ సంతకంలోని చిత్తశుద్ధిని మేం శంకించడం లేదు. కానీ దాని వెనక రాబడి ప్రణాళిక లేదు. ఎక్సైజు ఆదాయం పోయింది, రెండు రూపాయల కిలో బియ్యం తిరిగి వచ్చి పడింది. యానాం నుంచి, పక్క రాష్ట్రాల నుంచి సీసాలు రాత్రుళ్లు సరిహద్దు దాటి వస్తూనే ఉన్నాయి. 1996లో చంద్రబాబు ప్రభుత్వం బియ్యం ధరను మూడున్నరకు పెంచింది. 1997లో సారాను మినహాయించి నిషేధాన్ని ఎత్తివేసింది. హర్యానాలో బన్సీలాల్ పార్టీ కూడా ఇదే బాట నడిచింది. 1996 జులైలో నిషేధం పెట్టి, బస్సు చార్జీలూ కరెంటు రేట్లూ పెంచి, 1998 లోక్‌సభ ఎన్నికల్లో దెబ్బతిని, ఆ ఏప్రిల్‌లోనే చేతులెత్తేసింది.

తర్వాత వచ్చిన హామీ 2019 నాటిది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడు గెలిచిన పార్టీ నవరత్నాలని పేరుపెట్టిన హామీల్లో దశలవారీ మద్యనిషేధం ఒకటి. మొదట్లో ఆశ కలిగిన మాట నిజం. ఆ అక్టోబరు నుంచి దుకాణాలు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ చేతికి వచ్చాయి. 4,380 ఉన్నవి 3,500కు, తర్వాత 2,934కు తగ్గాయి. 2020 మే నెలలో ధరలు 75 శాతం పెరిగాయి. దుకాణాలు తగ్గితే తాగుడు తగ్గుతుందన్నారు, ధర పెరిగితే మానేస్తారన్నారు. జరిగింది వేరు. తెలిసిన బ్రాండ్లు మాయమై ఎవరూ ఎరగని పేర్లు అరల్లోకి వచ్చాయి. కూలివాడు అదే తాగుడుకు ఎక్కువ డబ్బు పోశాడు. అన్నిటికంటే ఘోరం 2022లో జరిగింది. అదే కార్పొరేషన్ పేరిట బాండ్లు జారీ చేసి వేల కోట్లు అప్పు తెచ్చారు. ఆ అప్పు తీరాలంటే రాబోయే ఏళ్లలో జనం తాగాలి. ఏటికేడు మద్యం తగ్గిస్తామన్న ప్రభుత్వం, ఏటికేడు మద్యం అమ్ముడవుతుందని అప్పులిచ్చినవాళ్లకు హామీ పడింది. నిషేధం హామీ ఆ రోజే చచ్చిపోయింది. ఆ కాలపు మద్యం కొనుగోళ్ల మీద నడుస్తున్న కేసుల సంగతి కోర్టులు తేలుస్తాయి. ఈ అప్పు సంగతి తేల్చడానికి కోర్టు అక్కర్లేదు.

2024లో వచ్చిన కూటమి ప్రభుత్వం నిషేధం ఊసే ఎత్తలేదు. తక్కువ ధరకు నాణ్యమైన మద్యం ఇస్తామని చెప్పి గెలిచింది, క్వార్టరు 99 రూపాయలకు తెచ్చింది. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వస్తే, తిరిగివ్వని రెండు లక్షల ఫీజుతోనే 1,800 కోట్ల రూపాయల దాకా రాలాయి. ఒక్క సీసా అమ్మకముందే. తెలంగాణలోనూ అదే తీరు. అక్కడి 2,620 దుకాణాలకు 2023లో లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో ఫీజును మూడు లక్షలు చేసి ఇంకా ఎక్కువే వసూలు చేశారు. గద్దె మీద ఉన్న పార్టీ మారింది, దుకాణాలు పంచే లాటరీ మారలేదు. తాగునీటి పథకానికో బడికో కేటాయింపుల దగ్గర నిధుల్లేవనే ప్రభుత్వాలు మద్యం దగ్గరికి వచ్చేసరికి లక్ష్యాలు పెట్టి మరీ అధికారులను పరుగులు పెట్టిస్తాయి.

ఇందులో కేంద్రం పాత్రను మరవకూడదు. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు సొంతంగా పన్ను వేసుకోగల సరుకుల్లో ముఖ్యంగా మిగిలినవి పెట్రోలు, డీజిలు, మద్యం. తాగే మద్యాన్ని రాజ్యాంగమే జీఎస్టీ బయట ఉంచింది. మద్యనిషేధానికి ప్రయత్నించాలని 47వ అధికరణంలో రాజ్యం మీద బాధ్యత పెట్టిన దేశం, ఆ పని చేసే రాష్ట్రానికి పోయే రాబడిని పూడ్చే శాశ్వత ఏర్పాటు చేయలేదు. తెలుగు ఎంపీలు పార్టీలకతీతంగా ఢిల్లీలో అడగాల్సిన మాట ఇది.

నిషేధం పెడితే కల్తీసారా చావులు తప్పవని ఒక వాదన ఉంది. తేలిగ్గా తీసేసేది కాదు. 2022లో గుజరాత్‌లోని బొటాద్‌లో, బీహార్‌లోని సారణ్‌లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. కానీ 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా చనిపోయిన చోట నిషేధం లేదు. వీధివీధికీ ప్రభుత్వ మద్యం దుకాణం ఉంది. ఆ దుకాణంలో ధర అందని కూలివాళ్లు మిథనాల్ కలిసిన ప్యాకెట్టు కొనుక్కుని చచ్చిపోయారు. కల్తీసారా పేదరికాన్నీ, పోలీసు మామూళ్లనూ ఆసరా చేసుకుని బతుకుతుంది. చట్టంలో నిషేధం ఉన్నా లేకపోయినా దానికి అడ్డులేదు.

బీహార్ అనుభవంలో మనం అసలు వదిలించుకోవాల్సింది వేరే ఉంది. అక్కడ 2016 చట్టం తాగినవాణ్ణి జైల్లో వేసింది. జైళ్లు పేదలతో, దళితులతో నిండాయి, కోర్టుల్లో బెయిలు దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. ముందుచూపు లేకుండా చేసిన చట్టానికి ఉదాహరణగా దాన్నే చూపించారు అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, 2021 డిసెంబరులో మన విజయవాడలో మాట్లాడుతూ. తర్వాతి ఏడాది బీహార్ తన చట్టాన్ని సడలించి, తొలిసారి దొరికినవాళ్లకు జరిమానాతో సరిపెట్టింది. అమెరికా సవరణ తయారీనీ, అమ్మకాన్నీ, రవాణానూ నిషేధించింది కానీ తాగడాన్ని నేరం చేయలేదు. తాగేవాడికి కావాల్సింది వైద్యం. జిల్లాకొక్కటైనా సరిగ్గా నడిచే డీఅడిక్షన్ కేంద్రం, అందులో డాక్టరూ మందులూ ఉండాలి. గీత కార్మికుల గోడు 1954లోలాగా మళ్లీ పక్కన పెట్టడానికీ వీల్లేదు. చెట్టు మీద బతికేవాళ్లకు ప్రత్యామ్నాయం చూపకుండా తీసుకునే ఏ నిర్ణయమూ న్యాయం కాదు.

ఇప్పుడు మా డిమాండ్లు. రెండు ప్రభుత్వాలూ వచ్చే బడ్జెట్‌లో మద్యం మీద వచ్చే మొత్తం రాబడిని, ఎక్సైజు, వ్యాట్, లైసెన్సు ఫీజులు, కార్పొరేషన్ మార్జిన్లు అన్నీ కలిపి ఒకే పద్దులో చూపించాలి. సొంత పన్నుల రాబడిలో దాని వాటాను ఏడాదికింత చొప్పున పదేళ్లపాటు తగ్గించే పట్టికను శాసనసభలో పెట్టి చట్టం చేయాలి. రాబోయే మద్యం అమ్మకాలను తాకట్టు పెట్టి అప్పు తేవడాన్ని అదే చట్టం నిషేధించాలి. ప్రతిపక్షాలు తమ మేనిఫెస్టోలో నిషేధం అన్న మాట రాసేముందు ఇదే పట్టికను తామూ రాయాలి.

దుకాణం ఊళ్లో ఉండాలా వద్దా అన్నది ఊరి ఆడవాళ్లే తేల్చే హక్కు కావాలి. మహారాష్ట్రలో ఇలాంటి నిబంధన ఉంది. నిలబడ్డ సీసా, అడ్డంగా పడి ఉన్న సీసా, రెండు బొమ్మలతో బ్యాలెట్ పెడతారు. ఓటర్లలో సగం మందికి పైగా పడిన సీసాకు ఓటేస్తే దుకాణం మూతపడుతుంది. దూబగుంట పుట్టిన నేలలో ఆ హక్కు లేకపోవడం సిగ్గుచేటు.

బెల్టు షాపుల సంగతికి మాత్రం పదేళ్లు ఆగక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. బెల్టు షాపు ఇప్పటికీ చట్టవిరుద్ధమే. అయినా లైసెన్సు దుకాణానికి పది కిలోమీటర్ల దూరంలోని పల్లెలో కూడా ఉప్పూ పప్పూ అమ్మే కొట్లో, ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకుల వెనక క్వార్టరు సీసాలు ఉంటాయి. ఎమ్మార్పీ మీద ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ. చేతిలో డబ్బు లేకపోతే ఖాతాలో రాసుకుంటారు, వారం కూలి చేతికి రాగానే ముందు ఆ బాకీ తీరుతుంది. ఆ సీసా ఎక్కడిదో కనుక్కోవడం కష్టమేమీ కాదు. డిపో నుంచి బయటికి వచ్చే ప్రతి సీసా మీదా ఎక్సైజు లేబులు అతికించి ఉంటుంది. దాన్ని స్కాన్ చేస్తే ఏ డిపో నుంచి ఏ లైసెన్సుదారుకు వెళ్లిందో తెలుస్తుంది. కిరాణా కొట్టు ముసలమ్మ మీద కేసు పెట్టి చేతులు దులుపుకోకుండా, ఆ సీసాను అమ్మిన లైసెన్సును రద్దు చేయండి. ప్రతి జిల్లాలో నెలనెలా ఎన్ని లైసెన్సులు అలా రద్దయ్యాయో కలెక్టరు పేరుతో ప్రకటించండి. ఈ పని చేయడానికి ఏ ముఖ్యమంత్రికైనా ఒక్క ఉత్తర్వు చాలు.