మన షార్ట్‌కట్, వాళ్ల వాకిలి



ఈ నెల ఈ పేజీలో మార్కుల ఊసు ఎత్తడం లేదు. మీ పిల్లలు స్కూలుకు వచ్చే దారి గురించి, ముఖ్యంగా మన స్కూలు వెనకున్న కాలనీ రోడ్ల గురించి మాట్లాడాలనుకుంటున్నాను.

ఉదయం ఎనిమిదింటికి నిజాంపేట రోడ్డు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసు క్యాబ్‌లు, ఆర్టీసీ బస్సులు, కాలేజీ బస్సులు, షేర్ ఆటోలు, వాటి మధ్యలో మనం. పక్కన కాలనీ సందు ఖాళీగా కనిపిస్తుంది. ఫోన్‌లో మ్యాప్ కూడా అటే తిరగమంటుంది, నాలుగు నిమిషాలు కలిసొస్తాయని చూపిస్తుంది. తిరుగుతాం. మన వెనకే ఇంకో పది బళ్లు తిరుగుతాయి. వాటిలో స్కూలుకు వచ్చేవి కొన్ని, హైటెక్ సిటీ వైపు పోయేవి కొన్ని. ఆ కాలనీలోనే పని ఉన్న బండి మాత్రం తక్కువ.

ఆ రోడ్డు ముప్పై అడుగులది. రెండు పక్కలా కార్లు ఆపి ఉంటాయి కాబట్టి నడిపే జాగా అందులో సగమే. ఆ సగంలోనే చెత్త ఆటో, నీళ్ల ట్యాంకర్, ఇస్త్రీ బండి, వాకింగ్‌కు బయల్దేరిన పెద్దవాళ్లు, వ్యాన్ కోసం నిలబడ్డ ఎల్‌కేజీ పిల్లలు. మనకు అది దారి. వాళ్లకు అది వాకిలి.

ఇటీవల ఆ కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు స్కూలుకు ఒక లెటర్ ఇచ్చారు. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు రెండు చివరలా గేట్లు వేస్తామన్నారు. ఆ కబురు మన క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లోకి రాగానే చాలామంది కోప్పడ్డారు. పబ్లిక్ రోడ్డు, ఎవరైనా వెళ్లొచ్చు కదా అని. చట్టం మాట వరకు అది నిజమే. కానీ వెళ్లే హక్కు ఉన్నంత మాత్రాన వెళ్లాల్సిన అవసరం ఉన్నట్టు కాదు. ఇది ట్రాఫిక్ పోలీసులకు వదిలేసే విషయం కాదనీ, ముందు కదలాల్సింది స్కూలు, తల్లిదండ్రులేననీ నా అభిప్రాయం.

గేటు ఎందుకు పరిష్కారం కాదు?

లేఅవుట్‌కు అనుమతి వచ్చాక అందులోని రోడ్లు మున్సిపాలిటీకి అప్పగిస్తారు. అవి కాలనీ వాళ్ల సొంతం కావు. 2024లో ఏర్పాటైన హైడ్రా మన నగరంలో రోడ్లకు అడ్డంగా కట్టిన గోడలను తొలగించిన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. పైగా అంబులెన్స్ వచ్చినప్పుడు గేటు తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి. ఒక కాలనీ మూసేస్తే ఆ బళ్లు మాయమైపోవు, పక్క కాలనీలో తేలతాయి.

ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో, జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి దగ్గర, లియోనియా అనే చిన్న పట్టణం ఉంది. బ్రిడ్జి దగ్గర జామ్ అయినప్పుడల్లా మ్యాప్ యాప్‌లు బళ్లన్నిటినీ ఆ ఊరి వీధుల్లోకి మళ్లించేవి. విసిగిపోయిన ఊరివాళ్లు 2018 జనవరిలో సుమారు 60 వీధులను రద్దీ వేళల్లో బయటివాళ్లకు మూసేశారు. ఆ ఏడాదే కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది, రాష్ట్ర రవాణా శాఖ అనుమతి తీసుకోలేదని. వాళ్ల బాధ నిజమే, ఎంచుకున్న పద్ధతి నిలవలేదు. మన కాలనీ వాళ్లు గేటు పెట్టినా జరిగేది అదే.

స్పీడ్ బ్రేకర్ల సంగతి

గేటు కాకపోతే స్పీడ్ బ్రేకర్ అంటారు. మనవాళ్లు రాత్రికి రాత్రి సిమెంటుతో గోడలాంటి గుట్ట పోసేస్తారు. దాని మీద స్కూటర్ ఎగిరితే వెనక కూర్చున్న పిల్లకే ముందు దెబ్బ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి ఒక కొలత చెప్పింది. 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటేలా. దాని మీద పెయింట్ గీతలు ఉండాలి, ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి. మన సందుల్లో ఆ కొలతకు సరిపోయేవి ఎన్ని ఉన్నాయో మీరే చూడండి.

సరైన స్పీడ్ బ్రేకర్ వేగాన్ని తగ్గిస్తుంది. అది చిన్న మేలు కాదు. వేగం రెట్టింపైతే బ్రేక్ వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లు అవుతుందని మన పదో తరగతి పిల్లలే చెబుతారు. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రత సమావేశం కూడా మనుషులు, బళ్లు కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లు మించొద్దని చెప్పింది. కానీ స్పీడ్ బ్రేకర్ బళ్ల సంఖ్యను పెద్దగా తగ్గించదు. మెయిన్ రోడ్డు కదలకుండా ఉన్నంతకాలం నాలుగు గుట్టలు దాటడానికి అందరూ సిద్ధమే.

మరి ఏం చేయొచ్చు?

సూత్రం ఒక్కటే. ప్రతి ఇంటికీ బండి చేరాలి, కానీ ఈ చివర దూరి ఆ చివర తేలే లాభం ఉండకూడదు. దానికి సులువైన మార్గం ఎదురెదురు వన్‌వేలు. ఒక వీధిని సగం వరకు ఒక దిక్కుకు, మిగతా సగం ఎదురు దిక్కుకు వన్‌వే చేస్తే, లోపలికి వచ్చిన బండి వచ్చిన వైపుకే తిరిగి బయటపడాలి. ఇంటికి వెళ్లేవాళ్లకు ఒక చుట్టు ఎక్కువవుతుంది, అంతే. షార్ట్‌కట్ కోసం వచ్చేవాళ్లకు మాత్రం గిట్టుబాటు కాదు. మ్యాప్‌లో వన్‌వే నమోదైతే ఫోన్ కూడా అటు తిరగమని చెప్పదు. మన దగ్గర టూవీలర్లు రాంగ్ రూట్‌లో దూరతాయన్నది నిజమే. అందుకే మొదటి నెలలైనా ఉదయం పూట అక్కడ మనిషి నిలబడాలి. వన్‌వే చేయాల్సింది ట్రాఫిక్ పోలీసులు, కాబట్టి కాలనీ, స్కూలు కలిసి వాళ్లకు అర్జీ పెట్టాలి.

అర్జీకి ముందు లెక్క కావాలి. "చాలా బళ్లు వస్తున్నాయి" అంటే ఏ ఆఫీసర్ కదలడు. పద్ధతి తేలిక. వీధి రెండు చివరలా ఇద్దరిద్దరు కూర్చుని, వెళ్లే ప్రతి బండి నంబర్‌లో చివరి నాలుగు అంకెలు, సమయం రాసుకోవాలి. ఈ చివర కనిపించిన నంబర్ ఐదు నిమిషాల్లోపే ఆ చివర కనిపిస్తే అది దాటిపోయే బండి. కనిపించకపోతే కాలనీలో ఆగిన బండి. తొమ్మిదో తరగతి పిల్లలు టీచర్ల వెంట, ఎవరి ఇంటి వరండాలోనైనా కూర్చుని, మూడు రోజుల్లో చేయగల ప్రాజెక్ట్ ఇది. స్టాటిస్టిక్స్ పాఠం కూడా అయిపోతుంది.

తల్లిదండ్రులు పట్టుబడితే రోడ్లు మారవు అనుకోకండి. 1971లో నెదర్లాండ్స్‌లో ఒక్క ఏడాదిలో 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉద్యమం చేశారు. 1976 నాటికి ఆ దేశంలో ఇళ్ల మధ్య వీధులకు ప్రత్యేక చట్టపు హోదా వచ్చింది. అలాంటి వీధిలో మనిషి నడక వేగంతోనే బండి వెళ్లాలి, పిల్లలు రోడ్డంతా ఆడుకోవచ్చు. ఈరోజు సైకిళ్ల దేశమని మనం చెప్పుకునేది ఆ దేశం గురించే.

మన వంతు

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఒకటుంది. ఆ కాలనీలో మన స్కూలు పిల్లలు కూడా ఉంటారు. పది నిమిషాలు నడిస్తే స్కూలు. అయినా వాళ్లను కారులోనో స్కూటర్ మీదో దింపుతున్నారు. ఎందుకని అడిగితే రోడ్డు మీద బళ్లు ఎక్కువయ్యాయి, భయంగా ఉందంటారు. బళ్లకు భయపడి బండి ఎక్కిస్తున్నాం. ఆ బండిని చూసి పక్కింటి వాళ్లు భయపడి ఇంకో బండి తీస్తున్నారు. దీన్ని ఎవరో ఒకరు ఆపాలి. మనం ఆపగలం.

మీకు నా విన్నపాలు ఇవి.

1. కాలనీలోంచి రాకండి. మెయిన్ రోడ్డు మీదే రండి, అవసరమైతే పది నిమిషాలు ముందు బయల్దేరండి. సందులోంచి వెళ్లిన బళ్లన్నీ ముందుకెళ్లి మళ్లీ మెయిన్ రోడ్డులోనే దూరతాయి, దాంతో ఆ రోడ్డు ఇంకా నెమ్మదిస్తుంది.

2. గేటు ముందు దాకా రావాలన్న పట్టు వదలండి. ఐదో తరగతి దాటిన పిల్లలు రెండు వందల మీటర్లు నడవగలరు. మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ పక్కన దింపితే చాలు.

3. ఒకే అపార్ట్‌మెంట్ నుంచి వచ్చే నలుగురు పిల్లలకు నాలుగు కార్లు వద్దు. వంతులు వేసుకోండి.

4. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు స్కూటీ ఇవ్వకండి. 2019 చట్ట సవరణ ప్రకారం మైనర్ బండి నడుపుతూ నేరం చేస్తే తండ్రికో తల్లికో 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది.

5. స్కూటర్ మీద వచ్చే పిల్లలకు హెల్మెట్ పెట్టండి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అది తప్పనిసరి.

స్కూలు చేయాల్సిందీ ఉంది. మేనేజ్‌మెంట్‌కు ఈ పేజీ ద్వారానే చెబుతున్నాను. మన బస్సులు కాలనీ రోడ్లు దాటకుండా రూట్లు మార్చాలి. ప్రైమరీకి, హైస్కూల్‌కు గేటు వేళల మధ్య ఇరవై నిమిషాల తేడా ఉంటే ఒకేసారి ఇంత రద్దీ పడదు. నడిచి వచ్చే పిల్లలు రోడ్డు దాటే చోట రోజూ ఒక మనిషి నిలబడాలి. అడ్మిషన్లు పెంచుకునేటప్పుడు ఆ పిల్లలు ఏ దారిన వస్తారన్నది కూడా స్కూలు పనే.

రాబోయే పేరెంట్స్ మీటింగ్‌కు కాలనీ సంఘం పెద్దలను కూడా పిలవాలని కోరుతున్నాను. ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే గేటు మాట దానంతట అదే తగ్గుతుంది. ఈలోగా ఈ వారం మీ పిల్లల డైరీలో మూడు విషయాలు రాసి పంపండి. మీరు ఏ దారిన వస్తున్నారు, ఎలా వస్తున్నారు, మీ పిల్లను నడిపించాలంటే ఆ దారిలో ఏం మారాలి. వచ్చిన జవాబులతో ఒక మ్యాప్ గీసి మీటింగ్‌లో గోడకు పెడతాం. ట్రాఫిక్ పోలీసులకు పెట్టే అర్జీకి దాన్నే జత చేద్దాం.

మీ,
ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం