అంతర్జాతీయ న్యాయము: హైదరాబాదు నేర్పిన పాఠము

మన రాజురా 1948లో నిజాము రాజ్యమున, ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఆ ఏడు ఆగస్టులో నిజాము ప్రభుత్వము భారతదేశముపై ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించినవి. 16న మండలి పారిస్‌లో విషయమును చేపట్టెను. 17న నిజాము పోరు విరమింపజేసెను. కొలది దినములకే ఫిర్యాదును ఉపసంహరించుకొనెను. 1949 మేలో మరల చర్చ జరిగినను తీర్మానమేదియు వెలువడలేదు.

హైదరాబాదునకు ఫిర్యాదు చేయు అర్హత కలదా యనునదే అచ్చటి ముఖ్యవివాదము. రజాకార్ల వలన బాధలుపడిన పల్లెల గోడుగాని, సైనికచర్య వెనువెంట హతులైన నిరపరాధుల గోడుగాని తీర్పునకు రాలేదు. విలీనము మనకు ఇష్టమైనదే. అయినను, ఫలితము నచ్చినదని పద్ధతిలోని లోపమును కప్పిపుచ్చరాదు.

మరియొక సంగతి. ఆ సెప్టెంబరులోనే నిజాము ప్రభుత్వపు పైకము, 10 లక్షల పౌండ్లకు పైగా, లండను బ్యాంకులో పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు మారెను. పరరాజ్యమును దాని సమ్మతి లేక విచారింపరాదని 1957లో అచ్చటి ఉన్నత న్యాయపీఠము వ్యాజ్యమును నిలిపివేసెను. 2013లో పాకిస్తాను తానే దావా వేసిన పిదప గాని తలుపు తెరువబడలేదు. నిజాము వారసులకును భారతదేశమునకును అనుకూలముగా తీర్పు 2019 అక్టోబరు 2న వచ్చెను. 71 సంవత్సరములు!

హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానముకూడ రాజ్యముల సమ్మతి లేనిదే విచారింపజాలదు. భద్రతామండలి 15 సభ్యులలో ఐదుగురికి వీటో గలదు. సమితి శాసనపత్రమును సవరించుటకు ఆ ఐదుగురి ఆమోదము తప్పనిసరి. తూనికరాళ్ళను తనిఖీ చేయు అధికారము అంగడి యజమానికే యున్నచో కొనువారికి నమ్మకమెట్లు కలుగును?

వీటో ప్రయోగించిన ప్రతిసారి సర్వప్రతినిధిసభ చర్చింపవలెనని 2022 ఏప్రిలులో తీర్మానమైనది. ఇది చిన్న అడుగు; కాని సరియైన అడుగు. మన దేశము శాశ్వతస్థానము కోరుచున్నది, న్యాయమే. అయితే హేగ్ న్యాయస్థానపు అధికారమును మనమును అనేక మినహాయింపులతోనే అంగీకరించితిమి. స్థానమును కోరువారు మొదట ఆ మినహాయింపులను తగ్గించి దారి చూపవలయును.

1956లో మన తాలూకా బొంబాయి రాష్ట్రమున చేరినప్పుడు తెలుగువారమైన మనకు సంఖ్యాబలము లేదు. మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చిన 350-ఎ అధికరణమువంటి వ్రాతయే మన ఆధారము. సంఖ్య తక్కువైనవారికి శాసనమే బలము. ఊరిలో మనము కోరు నీతినే లోకమునకును కోరుదము.