గేటు ఎత్తినా దారి రెండు వరుసలే
సంక్రాంతి టోలు మాఫీతో ప్రయాణీకులకు దక్కేది ఎంత?

చౌటుప్పల్: సంక్రాంతి దగ్గర పడుతున్నదంటే హైదరాబాదు–విజయవాడ 65వ నెంబరు జాతీయ రహదారి పొడవునా రెండే మాటలు వినిపిస్తాయి. కార్ల వరుస ఎక్కడి దాకా వచ్చిందన్నది ఒకటి. ఈసారి టోలు మాఫీ ఉందా, లేదా అన్నది రెండవది. నగరంలో కొలువులు చేసుకునే కోస్తా జిల్లాల వారు కొందరు మాఫీ కబురు చూసుకుని మరీ ప్రయాణం ఖాయం చేసుకుంటారు. అయితే మాఫీ వల్ల మిగిలే సొమ్మెంత, దాని కోసం పోగొట్టుకునే సమయమెంత అని లెక్క వేస్తే ఈ పద్ధతి అంత లాభసాటిగా కనిపించదు.

మిగిలేది ఎంత?

ఈ దారిలో మూడు టోల్‌గేట్లు ఉన్నాయి. చౌటుప్పల్ మండలంలో పంతంగి, కేతేపల్లి మండలంలో కొర్లపహాడ్, ఆంధ్ర ప్రాంతంలో ప్రవేశించిన తరువాత జగ్గయ్యపేట మండలంలో చిల్లకల్లు. మూడింటికీ కలిపి కారుకు ఒకవైపు 300 రూపాయలకు అటూ ఇటుగా అవుతుంది. రానూపోనూ 600. విజయవాడకు దూరం సుమారు 270 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు ఒకవైపే 18 లీటర్ల పెట్రోలు కావాలి. ఆ ఖర్చు ముందు టోలు చిన్నదే. వరుసలో గంటల తరబడి ఇంజను ఆపకుండా నిలబడితే, టోలులో మిగిలినది కొంత పెట్రోలులోనే పోతుంది.

2019 సంక్రాంతికి తెలంగాణ ప్రభుత్వం జనవరి 13, 16 తేదీలలో టోలు మాఫీ ప్రకటించింది. ఆ ఏడు భోగి 14న, పండుగ 15న, కనుమ 16న వచ్చాయి. 13 ఆదివారం. సెలవు దొరికి శనివారం నాడే బయలుదేరిన కుటుంబానికి పోయేటపుడు మాఫీ వర్తించదు. తిరుగు ప్రయాణం తేదీ చూస్తే సరిగ్గా కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదని నమ్మే పెద్దలు ఇంట్లో ఉండగా, 300 రూపాయల కోసం ఆ రోజున పిల్లాపాపలతో గడప దాటే వారెందరు? దాటిన వారంతా ఒకే రోజున రోడ్డెక్కవలసి వస్తుంది.

ఇరుకు ఎక్కడ?

పంతంగి వద్ద 16 టోలు బూతులు ఉన్నాయి. పండుగ ముందు వీటిలో ఎక్కువ భాగం విజయవాడ వైపే తెరుస్తారు. పది వరుసలలో గేటు దాటిన కార్లు మరుక్షణం రెండు వరుసలలోకి సర్దుకోవాలి. రహదారి నాలుగు వరుసలదే గనుక ఒక్కొక్క వైపు రెండే దక్కుతాయి. దానికి తోడు ఎల్.బి.నగర్ నుంచి ఊరు దాటేలోపు రద్దీ, చౌటుప్పల్, చిట్యాల వంటి చోట్ల కూడళ్లు, బస్సులు ఆగే స్థలాలు, దారి పక్క హోటళ్లు. గేటు ఎత్తివేస్తే గేటు వద్ద ఆగడం తప్పుతుంది, కాదనలేము. కాని ఆ వాహనాలన్నీ వెళ్ళి తరువాతి ఇరుకు వద్ద నిలుస్తాయి.

ఈ అనుభవం మనకొక్కరికే కాదు. చైనాలో 2012 జాతీయ దినోత్సవ సెలవుల నుంచి ఏడు సీట్లలోపు కార్లకు పెద్ద పండుగలలో రహదారి రుసుము లేకుండా చేశారు. మొదటి రోజునే ఎక్కడి కార్లు అక్కడ నిలిచిపోయాయి. అక్కడ రహదారి నుంచి బయటికి వచ్చే వేళనే లెక్కలోకి తీసుకుంటారు. మన మహారాష్ట్రలో వినాయక చవితికి కొంకణ్ వెళ్ళే వాహనాలకు పోలీసు, రవాణా శాఖల ద్వారా పాసులిచ్చి టోలు మినహాయిస్తారు. అక్కడ ఒకటి రెండు రోజులని కాక, పండుగకు ముందూ వెనుకా కొన్ని రోజులు వర్తిస్తుంది. రద్దీ కొంతైనా చెదరాలంటే మాఫీ ఇచ్చే పద్ధతి ఇలా ఉండాలి.

భారం ఎవరిది?

జాతీయ రహదారుల రుసుము నిబంధనలు 2008లో వచ్చాయి. అంబులెన్సు, సైన్యం వంటి వాహనాలకు అందులో మినహాయింపు ఉన్నది గాని పండుగ ప్రయాణానికి లేదు. కనుక ఏటా విడిగా ఉత్తర్వు రావాలి. పైగా రెండు గేట్లు తెలంగాణలో, ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నందున ఇరు రాష్ట్రాలూ, కేంద్రమూ ఒక్క మాట మీదికి రావాలి. వసూలు కాని సొమ్ము ఏదో ఒక ఖజానా భరించవలసిందే.

ఇదిలా ఉండగా ఆర్టీసీ బస్సు ప్రయాణీకుని సంగతి ఎవరికీ పట్టడం లేదు. టిక్కెట్టు ధరలో టోలు భాగం కలిసే ఉంటుంది. కారుకు మాఫీ ప్రకటించే రోజున టిక్కెట్టులో ఆ మేరకు తగ్గింపు కూడా అదే ప్రకటనలో ఉండాలి. లేకుంటే కారున్న వారికి ఊరట, బస్సెక్కే వారికి మొండిచేయి అవుతుంది. దారి పక్క గ్రామాల వారికి మాఫీ ఉన్నా లేకున్నా కష్టం ఒకటే. రోడ్డు దాటి పొలానికి పోవాలన్నా, 108 వాహనం ఆసుపత్రికి చేరాలన్నా కార్ల వరుస అడ్డం.

టోలు కడుతున్నది సాఫీగా సాగే దారి కోసమన్న సూత్రాన్ని న్యాయస్థానాలు కూడా గుర్తించాయి. కేరళలో త్రిస్సూర్ జిల్లా పాలియెక్కర వద్ద రోడ్డు బాగులేక వాహనాలు నిలిచిపోతున్నందున 2025 ఆగస్టులో హైకోర్టు వసూలును ఆపివేసింది. సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు. రెండు నెలల తరువాత గాని వసూలు తిరిగి మొదలు కాలేదు. పండుగకు రెండు రోజుల మాఫీ అడగటం కన్న, ఏడాది పొడవునా సాఫీ దారి అడగటమే బలమైన కోరిక.

ప్రయాణీకులు చేయదగినది

మాఫీ తేదీ వెంట పడటం కన్న, వీలైతే ఒక రోజు ముందుగా, రద్దీ లేని వేళలో బయలుదేరడం మేలు. తెల్లవారుజామున మంచు ఉంటుంది గనుక నిద్రమత్తులో బండి నడపరాదు. ఫాస్టాగ్‌లో సొమ్ము ముందే చూసుకోవాలి. ఒక్క కారుకు సొమ్ము చాలక గేటు లేవకపోతే వెనుక ఉన్న వరుసంతా ఆగుతుంది. గుంటూరు, పల్నాడు వైపు వెళ్ళే వారికి నాగార్జునసాగర్ దారి ఉంది. భువనగిరి, రామన్నపేట మీదుగా చిట్యాల చేరితే పంతంగి గేటు తగలదు. కాని అది ఊళ్ళ మధ్య దారి, ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. వేగం పనికిరాదు.

2025 ఆగస్టు 15న సొంత కార్లకు 3,000 రూపాయల వార్షిక పాసు ప్రవేశపెట్టారు. అది 200 సార్లు గేటు దాటేందుకు. విజయవాడకు ఒకసారి పోయి వస్తే ఆరుసార్లు దాటినట్లు. ఆ ధరకు ఏడాదికి అయిదుసార్లకు మించి పోయి వచ్చేవారికే అది గిట్టుబాటు. పండుగకొక్కసారి వచ్చే వారికి కాదు.

అధికారులు మాఫీ ఇవ్వదలిస్తే నెల ముందుగా, కనీసం వారం రోజులకు వర్తించేలా, మూడు గేట్లకూ కలిపి ప్రకటించాలి. కూడళ్ల వద్ద పోలీసులను నిలిపి, గ్రామస్థులు దాటేందుకు వేళలు కేటాయించి, 108కి దారి వదిలించాలి. ఇంటి వద్ద ఎదురు చూసే ముసలి తల్లిదండ్రులకు కావలసింది 300 రూపాయల ఆదా కాదు. భోగి మంట వేసే వేళకు పిల్లలు క్షేమంగా గుమ్మంలో దిగితే వారికి అదే పండుగ.