పదకొండో నంబరు హెచ్చరిక

మా కొత్తపట్నం తీరంలో తుఫాను నంబర్లు ఆడవాళ్లకు నోటికి వచ్చు. నిజాంపట్నంలోనో కృష్ణపట్నంలోనో మూడో నంబరు ఎగరేశారని రేడియో చెబితే వేటకెళ్లిన వాళ్ల కోసం గుండె పీచుపీచుమంటుంది. పదో నంబరంటే పిల్లల్ని చంకనేసుకుని ఇల్లు వదలాల్సిందేనని తెలుసు. ఆ పైన పదకొండో నంబరు కూడా ఒకటుంది. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక కబురు అందదు అని దాని అర్థం.

సైన్సును ప్రజల్లోకి తీసుకెళ్తున్నామని చెప్పుకునే సంస్థలకూ, కాయకష్టం చేసే ఆడవాళ్లకూ మధ్య ఏళ్ల తరబడి ఎగురుతున్నది ఈ పదకొండో నంబరేనని నేనంటాను.

పల్లెటూరి ఆడవాళ్లలో శాస్త్రీయ దృక్పథం లేదనీ, మనమే అందించాలనీ అధికారులు అంటారు. స్వచ్ఛంద సంస్థల్లోని మన మిత్రులు కూడా కొందరు అదే అంటారు. 1976లో 42వ సవరణ శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది. విధి సరే, ఒప్పుకుందాం. మరి ఆ విధి నిర్వర్తించడానికి కావలసిన సమాచారం అడిగే హక్కు మాటేమిటి? అడిగినప్పుడు జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిది?

రేడియో మేలు చెయ్యలేదని నేననను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎన్నో ఏళ్లు వినిపించిన పెద్ద గొంతు అదే. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. 1990 మేలో మళ్లీ పెను తుఫాను కృష్ణా తీరాన్ని కొట్టింది. ఈసారి లక్షలాది మందిని ముందే ఖాళీ చేయించారు. మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. అప్పుడు కబురు ఎందుకు పనిచేసింది? అది వినేవాళ్ల ప్రాణానికి సంబంధించిన కబురు. ఏం చెయ్యాలో చెప్పింది. దాని వెనక బళ్లు, షెల్టర్లు, మనుషులు ఉన్నారు. ఈ మూడూ లేని కబురు గాలిలో కలిసిపోతుంది.

పొలం విషయంలో జరిగింది చూడండి. 1966లో ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ, గృహ విభాగాలు పెట్టడం మొదలుపెట్టారు. పేరులోనే పంపకం అయిపోయింది. పొలం ఆయనది, ఇల్లు ఆమెది. వ్యవసాయ కార్యక్రమం 'రైతు సోదరులారా' అని పిలిచేది. ఎరువు మోతాదు, మందు మోతాదు ఆయనకు చెప్పేది. ఆడవాళ్ల కార్యక్రమానికి ఊరగాయలు, కుట్లు అల్లికలు, పిల్లల పెంపకం మిగిలేవి. మరి పత్తి తీసేదెవరు? మిరపకాయ కోసేదెవరు? కల్లంలో ఘాటు మధ్య కూర్చుని తాలుకాయ ఏరేదెవరు? గుంటూరులో తొడిమలు తీసేదెవరు? మందు కొట్టే మగమనిషికి బిందెలతో నీళ్లు మోసేదెవరు? సాయంత్రం ఆ మందుతో తడిసిన చొక్కా ఉతికేదెవరు? ఇన్ని చేసే మనిషి రేడియో దృష్టిలో రైతు కాదు. కనీసం రైతు సోదరి కూడా కాదు.

పురుగుమందు డబ్బా మీద మూలగా నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగానికి రంగు వేస్తారు. 1971 నాటి నిబంధనల ప్రకారం ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం ఒక మోస్తరు విషం, ఆకుపచ్చ కొద్దిపాటి విషం. అక్షరం రాని మనిషికి కూడా అర్థం కావాల్సిన సైన్సు పాఠం ఇది. మా చుట్టుపక్కల కూలి తల్లుల మధ్య కూర్చుని ఈ నాలుగు రంగులూ చూపించాను. ఒక్కరికీ ఎవరూ చెప్పిన పాపాన పోలేదు. ఆకుపచ్చ చూసి, "పచ్చజెండా కదమ్మా, పర్లేదనేగా?" అంది ఒకామె. ఆమె తెలివిలో లోపం లేదు. రైలుకీ బస్సుకీ ఆ రంగు చెప్పే అర్థమే ఆమె చెప్పింది. డబ్బా మీద దాని అర్థం వేరని చెప్పవలసినవాళ్లు చెప్పలేదు.

మోనోక్రోటోఫాస్ లాంటి మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. నరాల పనిని నడిపే ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. తల తిప్పడం, వాంతి, నోట్లో నీళ్లూరడం, చెమటలు, చూపు మసకబారడం దాని గుర్తులు. మన ఆడవాళ్లు దాన్ని ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. మందు తడిసిన బట్టలు విడిగా ఉతకాలి. ఒళ్లు సబ్బుతో కడుక్కోవాలి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు డబ్బా వెంట తీసుకెళ్లాలి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పత్తి కాలంలో రోజూ చెప్పడానికి ఏం అడ్డమొచ్చింది?

1980ల నడుమ గుంటూరు, ప్రకాశం పత్తి చేలను తెల్లదోమ ఊడ్చిపెట్టింది. సింథటిక్ పైరిథ్రాయిడ్లు విచ్చలవిడిగా కొట్టడంతో దోమను తినే పురుగులు కూడా చచ్చాయి. దోమ పెచ్చుమీరడానికి అది ఒక ముఖ్య కారణం. 1987-88లో ప్రకాశం జిల్లాలోనూ, 1997-98లో వరంగల్ జిల్లాలోనూ పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. చాలామంది తాగింది ఆ పురుగుమందే. అప్పు తీర్చే భారం, పిల్లల్ని సాకే భారం ఆడవాళ్ల మీద పడ్డాయి. అప్పుడు మందు అమ్మేవాడి ప్రకటన ప్రతి గోడ మీదా ఉంది. మిత్రపురుగు సంగతి చెప్పే గోడ ఒక్కటీ లేదు.

ఇక మ్యూజియాలు. హైదరాబాదులో బిర్లా ప్లానెటేరియం 1985లో, సైన్సు మ్యూజియం 1990లో తెరిచారు. తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993లో వచ్చింది. మంచివే. ఆదిలాబాదు యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ ఎముకల గూడును హైదరాబాదులో నిలబెట్టారు. కోట్ల ఏళ్ల నాటి బల్లి జాతి జంతువుకు మన నేల మీద ఉన్న చోటు ఆ హాల్లో తెలుస్తుంది. ఈ నేల మీద ఇవాళ నడుం వంచి పనిచేస్తున్న మనిషికి మాత్రం ఆ హాల్లో చోటు లేదు. కూలి మానుకుని, చార్జీలు పెట్టుకుని, ఒంగోలులో రాత్రి రైలెక్కి పోయి చూసినా తన పని గురించి ఒక్క అద్దాల పెట్టె కనబడదు.

ఏముంటుంది ఆ పనిలో చూపించడానికి అంటారా? మిరపకాయలు కోసిన చేతుల మంట నీళ్లతో కడిగితే ఎందుకు పోదు? మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు. నూనెలో కరుగుతుంది. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. మన అమ్మలు చేతులకు నూనె రాసుకునేది ఊరికే కాదు. ఇదొక ప్రదర్శన కాదా? ఆమె చేతిలో ఉన్న జ్ఞానాన్ని గుర్తించి, దానికి కారణం చెప్పడం కన్నా గొప్ప సైన్సు పాఠం ఏముంది? 1965లో బెంగాలులోనే బస్సులో సైన్సు ప్రదర్శన పెట్టి ఊళ్లు తిప్పారు. అలాంటి బస్సు బడి దగ్గర ఆగినట్టే మిర్చి కల్లం దగ్గర కూడా ఎందుకు ఆగదు?

ఇదంతా ఉంటే బాగుండే సౌకర్యం గురించి గొడవ అనుకోకండి. చెప్పకపోతే ఏమవుతుందో మన శరీరాల మీదే చూశాం. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ పరీక్షలకు ఆడవాళ్లను పిలిచారు. అది పరీక్ష అని వాళ్లకు సరిగా చెప్పలేదు. స్త్రీ శక్తి సంఘటన నిలదీసింది. 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాతికేళ్లు గడిచాయి. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా పరిశీలన పేరుతో వేలమంది ఆడపిల్లలకు సూదులు వేశారు. హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపారు. 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అర్థమయ్యేలా చెప్పకుండా తీసుకున్న అంగీకారం అంగీకారమే కాదు. సైన్సు చెప్పడం, స్త్రీల హక్కు అని మనం రెండు గదుల్లో పెట్టిన విషయాలు నిజానికి ఒకటే.

"చెప్పినా వాళ్లకు అర్థం కాదండీ" అనేవాళ్లకు మన పొరుగు జిల్లాయే జవాబు. నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్లు సారా గురించిన పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, కూర్చుని మాట్లాడుకున్నారు. 1992 నాటికి దూబగుంట రోశమ్మ లాంటి వాళ్ల వెనక జిల్లా కదిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. పాల్వంచ దగ్గర పునుకులలో సంఘాల ఆడవాళ్లు పురుగుమందు ఊళ్లోకి రావద్దని పట్టుబట్టారు. 2003-04 నాటికి ఆ ఊరు పురుగుమందులు మానేసింది. పాఠం తన బతుకు గురించినదైతే, మాట్లాడుకునే చోటు ఉంటే, అర్థం కానిదేముంది?

గొంతు కూడా మనదే కావచ్చని జహీరాబాద్ ప్రాంతపు దళిత స్త్రీలు రుజువు చేశారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మాచ్‌నూరులో స్టూడియో 1998కే సిద్ధమైంది. అనుమతి మాత్రం రాలేదు. పదేళ్లు వాళ్లు క్యాసెట్ల మీద రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నారు. 2006లో విధానం మారి, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. విత్తనం గురించి, పంట గురించి, రోగం గురించి జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ తమ యాసలోనే మాట్లాడారు. అయినా సామాజిక రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదన్న ఆంక్ష ఉంది. పక్క చేలో మందు కొట్టి మనిషి పడిపోయాడన్నది వార్తా, విజ్ఞానమా? ఎవరు తేలుస్తారు?

ఫోన్లు వచ్చాయిగా, ఇంకా రేడియో ఏమిటంటారు కొందరు. ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు. పైగా అందులో మందు అమ్మేవాడూ మాట్లాడతాడు, శాస్త్రవేత్తా మాట్లాడతాడు. ఎవరి మాటకు ఎవరు జవాబుదారో తెలియదు. ప్రభుత్వ రేడియో మన డబ్బుతో నడుస్తుంది కాబట్టి నిలదీసే హక్కు ఉంది.

అందుకే మన సంఘాలు ఈ కోర్కెలు చేపట్టాలి:

1. పత్తి, మిరప కాలాల్లో మందుల ప్రమాదం గురించి కూలి స్త్రీలను ఉద్దేశించి రేడియో రోజూ చెప్పాలి.

2. ఆడవాళ్లు పంపిన ప్రశ్నలకు శాస్త్రవేత్తలు, డాక్టర్లు పేరు చెప్పుకుని వారం లోపల రేడియోలో జవాబివ్వాలి.

3. సైన్సు మ్యూజియాల సలహా సంఘాల్లో శ్రామిక స్త్రీలు ఉండాలి. సంచార ప్రదర్శన కల్లాలకు, పల్లెకారుల వాడలకు రావాలి.

4. మందు పరీక్షలు, టీకా పరిశీలనలు జరిగే చోట స్థానిక భాషలో బహిరంగ సభ పెట్టి చెప్పకుండా సంతకం తీసుకోకూడదు.

5. స్త్రీల సంఘాలకు రేడియో అనుమతులు సులభం చెయ్యాలి. వార్తల మీద ఆంక్ష తీసెయ్యాలి.

1937 వేసవిలో మా కొత్తపట్నంలో రాజకీయ, ఆర్థిక విషయాలు నేర్పే పాఠశాల పెడితే అప్పటి ప్రభుత్వం నిషేధించింది. తెలుసుకున్న మనిషి అడుగుతుందని పాలకులకు అప్పుడే తెలుసు. ఇవాళ నిషేధం అక్కర్లేదు, చెప్పకుండా ఉంటే చాలు. అక్కల్లారా, ఈ కారు చేలల్లోకి దిగేలోపు మీ మీ ఊళ్లలో పదిమందిని కూర్చోబెట్టి ప్రశ్నలు రాయించండి. విజయవాడ కేంద్రానికి, లాం ఫారానికి, జిల్లా ఆస్పత్రికి పంపండి. జవాబు రాకపోతే వాకిట్లోకి వెళ్లి అడుగుదాం.